తొమ్మిది కిలోమీటర్ల కుర్చీ

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: నీళ్ళ మోటార్ల విడిభాగాలమ్మే చిన్న కొట్టు, అద్దం పగిలిన పాత ఫోను, బావమరిది మీద పీకలదాకా కోపం. కోపం ఎవరూ కొనరు కాబట్టి దాన్ని తుప్పు పట్టకుండా దాచుకున్నాను.

బావమరిది ఒక యాప్ నడుపుతాడు. ఎవరికైనా వాషరో పైపో తాళమో కావాలంటే అందులో వెతుకుతారు. దగ్గరున్న కొట్లు వరసగా వస్తాయి, పైనున్నవాడికి ఆర్డరు పోతుంది. మొదట్లో నేనూ భాగస్తుణ్ణే. తర్వాత వాడు సభ్యత్వమని ఒక చందా పెట్టాడు. కట్టినవాడి పేరు పక్కన నక్షత్రం వస్తుందట. "నక్షత్రాలు నా కొట్లో అమ్ముడుపోవురా, కట్టను" అన్నాను. మాటా మాటా పెరిగి విడిపోయాం.

ఆ తర్వాత నాకు ఆర్డర్లు తగ్గాయి, ఆపైన ఆగాయి. మా వీధివాళ్ళే నా గుమ్మం ముందునుంచి నడిచిపోయి, ఎక్కడో కొనుక్కుని, మళ్ళీ నా గుమ్మం ముందునుంచే తిరిగొస్తున్నారు. ఇంకొన్నాళ్ళిలాగే ఉంటే షట్టరు దించి తాళం అప్పగించడమే. అప్పుడొచ్చాడు బావమరిది, పరామర్శకి.

"కొట్టు నాకిచ్చెయ్ బావా. గోడౌనుగా వాడుకుంటా. ఈ వయసులో నీకెందుకీ తిప్పలు?"

నా వయసు గురించి అంత బెంగ వాళ్ళక్కకి కూడా లేదు. అక్కడే నాకు అనుమానమొచ్చింది.

మా కోడలు ఒక కంపెనీలో యాప్‌లలో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తుంది. ఆమెతో చెప్పాను. సెలవురోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని కొట్టుకొచ్చింది.

"ఫోనూ వాళ్ళ సర్వరూ మాట్లాడుకునేదంతా తాళం వేసి నడుస్తుంది మామయ్యా. బయటివాళ్ళకి అర్థం కాదు. అందుకని మధ్యలో ప్రాక్సీని కూర్చోబెడతాం. అది ఫోనుతో 'నేనే సర్వర్ని' అంటుంది, సర్వర్‌తో 'నేనే ఫోన్ని' అంటుంది. రెండువైపుల మాటా విని మనకి చూపిస్తుంది."

"దళారీ అని చెప్పొచ్చుగా! దానికింత చదువెందుకు?"

"ఈ దళారీ ముద్రని, అదే సర్టిఫికెట్‌ని, ఫోను నమ్మాలి. తేడా అక్కడే ఉంది."

కోడలి కొత్త ఫోను దాన్ని నమ్మలేదు. ముద్ర ఎక్కించినా, యాప్ తెరవగానే 'కనెక్షన్ లేదు' అని మొహం చాటేసింది. బయటి ముద్రల్ని నమ్మొద్దని యాప్‌లోనే రాసి ఉంటుందట. ఆమె నిట్టూర్చి ల్యాప్‌టాప్ మూయబోతుంటే నా పాత ఫోను కనపడింది.

"ఇందులోనూ ఉందా యాప్?"

"మా బామ్మర్దే వేసిచ్చాడు, భాగస్తుడిగా ఉన్నప్పుడు. సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పమని."

"అప్‌డేట్ చెయ్యలేదా?"

"తిరుగుతున్న మోటారు విప్పకూడదమ్మా. మా వృత్తి ధర్మం."

కోడలు కళ్ళు మెరిశాయి. ఆ యాప్ జనానికిచ్చిన కాపీ కాదట, పరీక్షల కోసం చేసింది. ఇలాంటి ముద్రల్ని నమ్మమని వాళ్ళే అందులో రాసుకుంటారట. ఆ ఫోనుకి ముద్ర ఎక్కించి, నా కుర్చీలో కూర్చుని వాషరు కోసం వెతికింది. ల్యాప్‌టాప్‌లో వరసలు జలజలా దిగాయి. ఒక వరస తెరిచి చదివి, పకపకా నవ్వింది.

"మీ కొట్టు అసలు దూరం సున్నా మామయ్యా. పక్కనే ఇంకో అంకె ఉంది, కలపాల్సిన దూరం. తొమ్మిది కిలోమీటర్లు. నక్షత్రమున్నవాళ్ళకి కలిపేది సున్నా."

నేను నవ్వలేదు. ఆ రోజే వాడికి ఫోన్ చేశాను, గొంతులో తేనె పోసుకుని.

"ఓడిపోయాన్రా బామ్మర్దీ. సభ్యత్వం కడతాను. మా వీధిలో కొట్లవాళ్ళందరిచేతా కట్టిస్తాను. మా కొట్టుకే రా."

ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పైపులాయన, తాళాలాయన, రంగులావిడ స్టూళ్ళ మీద సర్దుకున్నారు. గోడమీద టీవీ, దానికి కోడలి ల్యాప్‌టాప్. యాప్ గురించే చూపిస్తున్నామనుకుని వాడు సంబరపడ్డాడు కూడా.

"ఇంతకీ మా కొట్టు అడుగున ఎందుకుంటుందిరా?" అని అందరి ముందూ అడిగాను.

"దగ్గరివి పైన, దూరంవి కింద. అంతే బావా. కంప్యూటర్‌కి చుట్టరికాలుండవు."

ఈ మాట వాడి నోటితో అనిపించడం కోసమే పిలిచాను. పాత ఫోను జేబులోంచి తీసి వెతికాను. టీవీ నిండా అంకెలు. కోడలు వేలు పెట్టి చూపించి, గట్టిగా చదివింది.

"అయ్యా, నేను నా కుర్చీకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్నానట" అన్నాను.

"మరి మాకు వినపడేలా ఎలా మాట్లాడుతున్నావయ్యా?" అన్నాడు తాళాలాయన. కొట్టు దద్దరిల్లింది.

"నాదెంతుందో చూడమ్మా" అని రంగులావిడ లేచింది. నవ్వు అక్కడితో ఆగింది. ఆవిడకీ కలిపాడు. పైపులాయనకీ కలిపాడు.

బావమరిది నా చెవి దగ్గరికొచ్చాడు. చెమట వాసన. "ఆ ఫోను ఇంకా పారెయ్యలేదా? బావా, నీది ఇప్పుడే సరిచేయిస్తా. టీవీ ఆపు. అక్క మొహం చూసైనా ఆపు."

ఆపొచ్చు. నా కొట్టు నిలబడటానికి అంతే చాలు. కానీ తాళం అప్పగించమన్నప్పుడు వాడికి అక్క మొహం గుర్తు రాలేదు. "ఇంకా పక్కవీధివాళ్ళవి చూడాలిరా, కూర్చో" అన్నాను, సౌండు పెంచినట్టు గొంతు పెంచి.

ఆ మాట వీధి వీధీ పాకింది. జనం యాప్ తీసేశారు. నక్షత్రాలవాళ్ళు కూడా చందా వెనక్కిమ్మని వాడి గుమ్మమెక్కారు. వానలు మొదలయ్యేసరికి యాప్ మూతబడింది.

ఆ వానల్లోనే వాడింటి మోటారు పాడై, తల దించుకుని నా కొట్టుకొచ్చాడు. సీలు తీసి బల్లమీద పెట్టి ధర చెప్పాను.

"ఇంత ఉండదే బావా?"

"సరుకు ధర మామూలే. మిగతాది రవాణా. తొమ్మిది కిలోమీటర్లు."

కళ్ళెత్తి చూశాడు. బేరమాడలేదు. కట్టి వెళ్ళిపోయాడు.

ఇక లెక్క. కొట్టు మళ్ళీ మా వీధిలోకొచ్చింది. నా భార్య ఇంట్లో భోజనం వడ్డిస్తుంది, మాట వడ్డించదు. తమ్ముడు గడప తొక్కడం మానేశాడని ఆవిడ బాధ, న్యాయమే. దాన్ని నష్టం కింద రాసుకున్నాను. ఇవి పోను మిగిలింది ఆ రవాణా కిరాయి. దాన్ని గల్లాలో కలపలేదు. పాత ఫోను పక్కన విడిగా పెట్టాను. నా జీవితంలో నేను తిన్న అసలైన లాభం అదొక్కటే.