సమాప్తం అనని రోజు

ఆ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పట్టిన పని సగంలో వదలడమంటే ఆమె ఒంటికి పడదు. చివరి కుట్టు వేసి, గ్లవ్స్ తీసే ముందు "సమాప్తం!" అని గట్టిగా అంటుంది. అందుకే అందరూ చాటుగా సమాప్తం డాక్టరు అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలియనట్టు ఉంటుంది, అంతే.

ఆ మధ్యాహ్నం పరంజా మీంచి పడ్డ ఒక పెయింటరును తీసుకొచ్చారు. కాలేయం చీలింది, పేగు తెగింది. అతన్ని పెంచి పెద్దచేసిన అక్క థియేటర్ తలుపుదాకా స్ట్రెచర్ వదలకుండా పరుగెత్తుకొచ్చింది.

లోపల ఏసీ ఆపేశారు. అంత నెత్తురు పోయిన మనిషికి చల్లదనమే శత్రువు. ఎక్కించే నెత్తురును కూడా వెచ్చబెట్టే ఎక్కిస్తున్నారు. అందరూ చెమటతో తడిసి ముద్దయ్యారు. డాక్టరమ్మ కాలేయం చుట్టూ గుడ్డలు కుక్కి నెత్తురు ధార ఆపింది. తెగిన పేగు కొసలు కట్టేసింది. ఇక అతకడమే మిగిలిందని సూది అందుకుంది.

"ఇక ఆపెయ్," అన్నాడు మత్తు డాక్టరు. ఇద్దరూ కలిసి చదువుకున్నవాళ్ళు. ఆమెను నువ్వు అనే ధైర్యం ఆ గదిలో అతనొక్కడికే ఉంది.

"ఆపేదేంటి? పేగు అతకొద్దూ?"

"ఒళ్ళు ఇంకా చల్లబడుతోంది. నెత్తుర్లో యాసిడ్ పెరిగిపోతోంది. ఇటు చూడు, సూది గుచ్చిన చోటల్లా కారుతోంది, గడ్డకట్టడమే మానేసింది. ఈ మూడూ కలిస్తే ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. నీకు తెలీదా?"

"తెలుసులేవయ్యా! గంటలో అతికేస్తా."

"బ్రహ్మాండంగా అతికేస్తావు. ఆ పేగు పెట్టుకోవడానికి మనిషే ఉండడు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయి కిందికి చూసింది. తాను వేసిన కుట్ల పక్కనుంచి కూడా నెత్తురు నీళ్ళలా పల్చగా ఊరుతోంది. ఇలాంటప్పుడు ధార ఆపి బయటపడాలని, మనిషి తేరుకున్నాకే మళ్ళీ చెయ్యి పెట్టాలని జూనియర్లకు తానే చెబుతుంది. చెప్పడం తేలికే, చేతిలో సూది ఉండగా ఆగాలంటే ప్రాణం పోతోంది. పళ్ళు బిగబట్టి సూదిని ట్రేలో పెట్టేసింది. గుడ్డలు లోపలే ఉంచి, పొట్ట కుట్టకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పింది. సమాప్తం అనలేదు. నర్సులు మొహమొహాలు చూసుకున్నారు.

బయట అక్క ఎదురొచ్చింది. "అయిపోయిందా అమ్మా?"

"లేదమ్మా, సగమే చేశాను. పొట్ట కుట్టలేదు. ఇప్పుడు ఇంకా కెలికితే బతకడు. ఒళ్ళు వెచ్చబడి, నెత్తురు గడ్డకట్టడం మొదలయ్యాక మిగతాది చేస్తాను."

"అయ్యో అయ్యో! సగంలో వదిలేస్తారా ఎవరైనా? మీ తమ్ముడైతే ఇలాగే వదిలేస్తారా?"

ఎవరైనా గొంతు పెంచితే రెండింతలు పెంచే మనిషి, ఆవేళ పెంచలేదు.

"నాకూ తమ్ముడున్నాడమ్మా. వాడైనా ఇక్కడే ఆపేదాన్ని. మీరు ఐసీయూలో అతని పాదం పట్టుకుని కూర్చోండి. మిషన్లు ఎలాగూ చెబుతాయి, వెచ్చబడితే మీరూ చెప్పండి."

ఐసీయూలో వేడిగాలి దుప్పటి కప్పి, నెత్తురు ఎక్కిస్తూనే ఉన్నారు. డాక్టరమ్మ ఇంటికి వెళ్ళలేదు. మత్తు డాక్టరు టీ తెచ్చిచ్చి, "నీ బెంగ మనిషి మీదా, అతకని పేగు మీదా?" అని ఏడిపించాడు. "నోర్ముయ్," అంది కానీ టీ తాగింది. నిజానికి ఆమెకు భయంగా ఉంది.

మర్నాడు అక్క డాక్టరమ్మ గది తలుపు తోసుకుని వచ్చింది. "వెచ్చబడిందమ్మా! మా వాడి పాదం వెచ్చబడింది!"

డాక్టరమ్మ తనూ వెళ్ళి పట్టుకు చూసింది. సూదుల దగ్గర కట్లు పొడిగా ఉన్నాయి. రిపోర్టులూ బాగున్నాయి. "పదండి," అంది.

థియేటర్లో గుడ్డలు ఒక్కొక్కటే తీసింది. కాలేయం నుంచి చుక్క కారలేదు. పేగు అతికింది, పొట్ట కుట్టింది. "సమాప్తం" అనకుండానే గ్లవ్స్ తీయబోయింది. మత్తు డాక్టరే ఆ మాట అనేశాడు. నర్సులు పకపకా నవ్వారు.

బయటికి రాగానే అక్క లేచి నిలబడింది.

"అంతా కుట్టేశానమ్మా. గండం గడిచింది."

అక్క గబుక్కున ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. వెంటనే ఉలిక్కిపడింది.

"ఇవేంటమ్మా, ఇంత చల్లగా ఉన్నాయి?" అంటూ అరచేతుల మధ్య పెట్టుకుని గట్టిగా రుద్దసాగింది.