గాలి వాటా

జీపు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఎల్లాజీ మేకు మొనతో గాలి తీస్తున్నాడు. తారురోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, సముద్రం వినబడుతుంది గాని కనబడని చోట, రాత్రి జీపు నిలిపే చోట, రోజూ తెల్లవారేసరికి జరిగే పనే ఇది. బిర్రుగా ఉన్న టైరు ఇసుకలో దిగబడి కూర్చుంటుంది. సగం గాలి తీసేస్తే, పెళ్ళిభోజనం చేసినవాడి పొట్టలా పక్కలకు జారి, ఇసుక మీద పరుచుకుని పాకుతూ పోతుంది. ఎంత తీయాలో ఎల్లాజీకి చెవి చెబుతుంది. హుస్సుమనే చప్పుడు సన్నగిల్లి ముసలమ్మ నిట్టూర్పులా మారగానే మేకు తీసేస్తాడు.

"సాల్లే బావా, ఎల్దాం," అన్నాడు స్టీరింగు దగ్గర్నుంచి దాలయ్య.

"ఎనకాల సక్రాలో? ముందరికాళ్ళకే నాడాలు కొట్టి గుర్రాన్ని తోల్తావేటి?"

దాలయ్య జీపు యజమాని, డ్రైవరు, ఎల్లాజీకి చెల్లెలి మొగుడు. జీపు మిలట్రీవాళ్ళు వేలం వేసినది. నాలుగు చక్రాలూ లాగుతాయి. అమ్మవారి దయ ఉన్న రోజున బ్రేకులు కూడా పడతాయి. ఇసుక దాటి, ఊరి ముందు వలలు లాగే చోటికి పోయి, ఆడవాళ్ళ చేపల గంపలు ఎక్కించుకుని, మళ్ళీ రోడ్డెక్కి చీపురుపల్లి చేర్చడం దాని పని. రోడ్డెక్కగానే తీసిన గాలి తిరిగి కొట్టాలి. లేకపోతే ఆ బరువుకీ తారు వేడికీ మెత్తటి టైరు ముక్కలైపోతుంది. ఆ కొట్టడం ఎల్లాజీ కుడికాలి పని. కాలిపంపు మీద పాదం ఆనించి తొక్కుతూనే ఉంటాడు. ఈ జీపుకు ఇంజను మారింది, సీట్లు మారాయి, హారను పోయి మరొకటి వచ్చి అదీ పోయింది. కాలు మాత్రం మొదట్నుంచీ అదే.

అందుకు అతనికో వాటా ఉంది. చక్రాలు నిండగానే గంపలున్న ఆడవాళ్ళంతా తలా ఒక చేప తీసి అతని తువ్వాలులో వేస్తారు. మరీ పెద్దది ఎవరూ వేయరు. మరీ చిన్నది వేస్తే పక్కావిడ ఊరుకోదు. దాన్ని గాలి వాటా అంటారు. ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలియదు. పెళ్ళాం పోయాక ఎల్లాజీ తిండి చెల్లెలింట్లోనే. కాని ఆ తువ్వాలు మూట వంటింటి గడప మీద పెట్టాకే కంచం ముందు కూర్చునేవాడు. "బువ్వ మాది, సేప మా అన్నది," అని చెల్లెలు వీధిలో గర్వంగా చెప్పుకునేది. మూట లేకుండా ఆ గడప ఎలా దాటాలో ఎల్లాజీకి తెలియదు. ఈరోజు అతని భయమంతా అదే.

ఎందుకంటే ఈరోజు వెనకసీటు కింద గోనెసంచిలో కొత్త గాలిమిషను ఉంది.

చలికాలం నుంచీ ఎల్లాజీకి ఊపిరి అందడం లేదు. చక్రం నిండేలోగా ఆగి, పిక్క గోక్కుంటున్నట్టు వంగి ఆయాసం తీర్చుకునేవాడు. ఎవరికీ అంత దురద ఉండదని దాలయ్య కనిపెట్టాడు. "పంపుని నువ్వు కొడతన్నావో, నిన్ను పంపు కొడతన్నాదో తెలవకుండా ఉన్నాది బావా. మిసను కొందాం," అన్నాడు. పైగా, గాలి సంగతి తెలిసినవాడివి, నువ్వే ఏరాలని చీపురుపల్లి దుకాణానికి వెంటబెట్టుకుపోయాడు. కోడిని తీసుకుపోయి దాని చేతే కత్తి బేరమాడించినట్టయింది.

దుకాణదారు ముందు అన్నం డబ్బా అంతదాన్ని తెచ్చాడు. "దీనికి కష్టమేం లేదండి, బండిలో సిగరెట్ వెలిగించుకునే కన్నం ఉంటుంది కదా, అందులో గుచ్చితే చాలు."

"ఆ కన్నంలో మా ఆడది ఊదొత్తులు గుచ్చుతాది," అన్నాడు దాలయ్య. "అది తీయించీసినామంటే అమ్మోరు ఊరుకున్నా మా ఆడది ఊరుకోదు."

"దీన్తో ఇంకేటి బాధ?" అన్నాడు ఎల్లాజీ.

"కారు టైర్లకి బాగుంటుందండి. పెద్ద టైరైతే మధ్యలో వేడెక్కుతుంది. కాసేపు ఆపాలి."

"ఆపితే ఏటి సేస్తాది?"

"చల్లారుతుందండి."

"కాల్మీద కాలేసుకుని కూకుంటాదన్నమాట."

పైకి అలా అన్నాడు గాని ఎల్లాజీకి ఆ డబ్బా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అది కూర్చున్నప్పుడల్లా లేచేది తన కాలే. ఇదే బాగున్నాది అనడానికి నోరు తెరిచాడు కూడా. అంతలో, ఎండ నెత్తికెక్కుతుంటే గంపల మీద ఈగలు తోలుకుంటూ రోడ్డు పక్కన కూర్చున్న ఆడవాళ్ళూ, వాళ్ళ మధ్య తీరిగ్గా చల్లారుతున్న ఆ డబ్బా కళ్ళకు కట్టారు. తెరిచిన నోటితోనే, "పెద్దది తియ్యి," అన్నాడు.

పెద్దదానికి జంట తలకాయలు, కింద ఇనప పీట. కన్నంలో గుచ్చేది కాదు, బ్యాటరీకే రెండు క్లిప్పులు పట్టించాలి. ఎల్లాజీ ఎద్దును చూసినట్టు చూశాడు. ఎత్తి బరువు చూశాడు. గొట్టం నేల మీద పరిచి, జీపు బానెట్టు నుంచి వెనక చక్రాల దాకా వస్తుందో లేదో మోచేత్తో మూరలు వేశాడు. ఆడించమని, దాని నెత్తిన అరచెయ్యి పెట్టి ఎంతసేపటికి కాలుతుందో చూశాడు. "శాంతం కలది. ఇదే," అన్నాడు. పక్కనున్న గాట్ల మూత చూపించి, "ఇది దీని ముక్కండి, దుమ్ము పోనివ్వకండి," అన్నాడు దుకాణదారు. తిరుగుదారంతా ఎల్లాజీ దాన్ని సవతి బిడ్డను మోసినట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఈరోజు ఒడ్డుకు చేరేసరికి ఆడవాళ్ళందరికీ ముందున్నది తవిటమ్మ. ఎల్లాజీ పుట్టినప్పుడు ఎత్తుకున్న మనిషి. ఆ హక్కుతో ఇప్పటికీ తిడుతుంది. ఆవిడ చేతిలో గిన్నెడు ముద్దపసుపు, బంతిపూల దండ ఉన్నాయి. కొత్త వలకి, కొత్త పడవకి, పడవ మోటారుకి పసుపు రాయకుండా ఆ ఊళ్ళో ఎవరూ పని మొదలెట్టరు.

"పూజ నేకుండా మిసను ఆడిస్తార్రా? దించండి," అంది. దించారు. చుట్టూ తిరిగింది. "దీనికి మొకమేదిరా?"

ఆవిడే ఆలోచించి, గాట్లున్న మూతే మొహమని తేల్చి, పసుపు మెత్తింది. గంపలవాళ్ళలో చిన్నది దేవి, "అత్తా, కన్నాల్లోకి ఎల్లిపోతన్నాది," అంది.

"ఎల్లనీయే. పైనే సల్లగుంటే సాల్దు, లోపల కూడా సల్లగుండాల."

గంపలు ఎక్కాయి, జీపు ఇసుక దాటి రోడ్డెక్కింది. దాలయ్య ఇంజను ఆపకుండా ఉంచి, ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు బ్యాటరీకి తగిలించాడు. ఎల్లాజీ గొట్టం చక్రానికి బిగించి మీట నొక్కాడు. మిషను గుర్రుమంది. తర్వాత ఖళ్ళుమంది. పసుపు తుమ్మి, మూలిగి, మళ్ళీ ఖళ్ళుమంది. గాలి కొలిచే ముల్లు లేవలేదు.

"అచ్చం ఎల్లాజీ మావలాగే దగ్గుతన్నాది," అంది దేవి. "సుట్టరికం కలిసిపోనాది."

ఎల్లాజీకి లోపలెక్కడో డప్పులు మోగాయి. మొహం మాత్రం చావింటికి వచ్చినవాడిలా పెట్టి, మీట కట్టేసి, సీటు కింద నుంచి పాత కాలిపంపు లాగాడు. "సూద్దాం ఇంక మా పాతకాపుని," అని ఆడవాళ్ళు నవ్వుతుంటే తొక్కడం మొదలెట్టాడు. చక్రం సగం నిండేసరికి పిక్క దురద పెట్టింది. నిండేసరికి రెండు పిక్కలూ దురద పెట్టాయి.

"సాలు బావా," అన్నాడు దాలయ్య.

"ఉండహే," అన్నాడు గాని, మాట కన్నా గాలే ఎక్కువ వచ్చింది. మిగతా చక్రాలు చూశాడు. గంపల చుట్టూ ఈగలు అప్పుడే మూగుతున్నాయి. పంపు పక్కన పెట్టి మిషను ముందు చతికిలబడ్డాడు. మూత విప్పి, లోపలి స్పాంజి తీసి, గోరుతో పసుపు గీకి, తన తువ్వాలుతో తుడిచి, గాలికి దులిపాడు.

"అమ్మోరికి పూజ సేసినావో, దీని పీక నొక్కినావో సూడు పెద్దమ్మా."

"నానేటి కలగన్నానా దానికి మొకంలో ముక్కొకటే ఉన్నాదని?" అంది తవిటమ్మ.

మీట నొక్కగానే మిషను ఏకధాటిగా పాడింది. ముల్లు లేచింది. చూస్తుండగానే రెండో చక్రం నిండి, మూడోది పొంగుతోంది. అప్పుడు దేవి అడగనే అడిగింది.

"మరి గాలి వాటా ఎవులికి? మిసనుకి వెయ్యాలా, బేటరీకి వెయ్యాలా?"

ఎల్లాజీ వంగి, బిగిసే ఉన్న గొట్టాన్ని మళ్ళీ బిగించాడు. దాలయ్య ఏదో అనబోతే తవిటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పురుడోసిన మంత్రసానికి సీరెడతాం గాని కత్తెరకి ఎడతామేటే? ముక్కు మూసింది నాను, ఊపిరోసింది ఆడు. తువ్వాలు పరుసు ఎల్లాజీ."

ఇంకా నాలుగో చక్రం మిగిలి ఉండగానే, పసుపు మరకల తువ్వాలులో మొదటి చేప పడింది. రోజూ కన్నా పెద్దదే పడింది. ఎల్లాజీ కంట్లో ఇసుక పడ్డట్టు రెప్పలు ఆడించి, గొట్టం నాలుగోదైన ముందు చక్రానికి మార్చి, ఆ చక్రానికే వీపు ఆనించి కూర్చున్నాడు. అరచెయ్యి మిషను నెత్తిన పెట్టాడు.

"శాంతంగానే ఉన్నాది," అన్నాడు.

దేవి వేసిన చేప మరీ చిన్నదని గొడవ మొదలైంది. "అది సన్న నెత్తల్లకి అక్క, సేపలకి సెల్లి," అని తవిటమ్మ దాన్ని తోకపట్టి అందరికీ చూపించింది. గంపలో అంతకన్నా పెద్దవి లేవని దేవి ఒట్టేసింది. గంప కిందామీదా చేసి వెతికి, మంచి చేప ఒకటి బయటికి తీసేదాకా ఆడవాళ్ళు వదల్లేదు.

"బావా, కట్టీ," అని స్టీరింగు దగ్గర్నుంచి వంగి కేకేశాడు దాలయ్య. "ముల్లు దాటిపోతన్నాది."

మిషను పాడుతూనే ఉంది. దాలయ్య ఇంజను ఆపి, దిగి వచ్చి మీట కట్టాడు. చప్పుడు ఆగేసరికి సముద్రం వినిపించింది. ఎల్లాజీ అరచెయ్యి మిషను మీదే ఉంది. తవిటమ్మ వంగి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత అతని కళ్ళు మూసింది.

"ఎల్లిపోనాడర్రా," అంది.

ఇంటికి చేర్చాలంటే మళ్ళీ ఇసుక దాటాలి. దాలయ్య క్లిప్పులు పీకి, ఎల్లాజీ చొక్కాజేబులోంచి మేకు తీసుకుని, ఎన్నడూ కూర్చోని చోట గొంతుక్కూర్చున్నాడు. ఎక్కడ ఆపాలో అతని చెవికి తెలియదు. ఒక్కో చక్రానికీ ఎక్కువే తీసేశాడు. ముందుసీట్లో ఎల్లాజీని పడుకోబెట్టి పట్టుకుని కూర్చున్న తవిటమ్మ, చేపల తువ్వాలు ముడివేసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది ఆడి సెల్లెలి గడప మీద నాను ఎడతాను," అంది ఎవరూ అడగకుండానే.

జీపు ఇసుకలోకి దిగి నెమ్మదిగా పోయింది. గంపలు నెత్తికెత్తుకుని ఆడవాళ్ళు వెనకే నడిచారు. పని అయ్యాక సామానంతా సంచిలో సర్ది సీటు కిందికి తోసేది ఎప్పుడూ ఎల్లాజీయే గనక, ఆ పని ఎవరికీ తట్టలేదు. తారురోడ్డు అంచున, గొట్టం బారజాపుకుని, గాట్లలో పసుపుతో, కొత్త మిషను ఇంకా వెచ్చగా ఉంది.