అరవై డిగ్రీల కోపం

ఆ వర్క్‌షాపులో టీ చల్లారితే ఎవరూ స్టవ్వు వెలిగించరు. గ్లాసు తీసుకెళ్ళి కుంపటి బల్ల మీద పెట్టి, "నిన్న నీ రంపం తీసుకెళ్ళింది నేనే" లాంటి మాటొకటి అంటారు. ఆమె మొహం చిట్లించి గ్లాసు పక్కకి తోస్తుంది. ఆ తోసేలోపే టీ పొగలు కక్కుతుంది.

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కుంపటే. కోపం వస్తే అరచేతులు కాగిపోవడం వాళ్ళింటి ఆడవాళ్ళకి ముందునుంచీ ఉన్నదే. వాళ్ళమ్మ ఇస్త్రీపెట్టె కొనలేదు, నాన్న మాట తప్పిన రోజున చేత్తోనే చొక్కాలన్నీ సాపు చేసేసేది. అక్కకి మాత్రం ఆ గుణం రాలేదు. అక్క చేతులు ఎప్పుడూ చల్లగానే ఉండేవి.

ఆర్నెల్లుగా కుంపటి కోపమంతా ప్రింటరు గురించే. వడ్రంగి, గొడుగులు బాగుచేసే ఆయన, బొమ్మలు చేసే టీచరమ్మ, ఇంకో పాతికమంది కలిసి నడుపుకునే వర్క్‌షాపు అది. ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర పోసి వస్తువులు చేసే ప్రింటరొకటి అందరికీ కలిపి కొందామనుకున్నారు. కుంపటి వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగి ఒకటి చూసొచ్చింది. చూడ్డానికి బోడిగా ఉంటుంది గానీ, నాలుగు స్క్రూలు విప్పితే లోపలున్నదంతా కనిపిస్తుంది, ఏది పోయినా వీధి చివరి కొట్లో దొరుకుతుంది. వర్క్‌షాపు అధ్యక్షుడు ఇంకోటి చూసొచ్చాడు. దానికి అద్దాల తలుపు, లోపల నీలం లైటు. చేతులెత్తమంటే అంత చదువుకున్నవాళ్ళూ, అంత పనొచ్చినవాళ్ళూ నీలం లైటుకే ఎత్తారు. వర్క్‌షాపుకి తెచ్చాక చూస్తే వెనక ఒక స్టిక్కరు: తెరిస్తే గ్యారంటీ చెల్లదు.

సరే, కొన్నారు. కొనడానికి అందరూ, చాకిరీకి ఒక్కతీ. టీచరమ్మ, వస్తువు తయారయ్యే పళ్ళేనికి జిగురు పూసి, తుడవకుండా వెళ్ళిపోయేది. గొడుగులాయన తేమ పట్టిన తీగ ఎక్కించి, అది కరిగి బయటికొచ్చే నాజిల్ మూసుకుపోతే "దీనికి జలుబు చేసిందమ్మా" అని నవ్వేవాడు. సూదితో ఆ జలుబు వదిలించేది కుంపటే. పళ్ళెం కింద వేడినిచ్చే వైరు పీలికలైపోతోందని ఆమె నోటీసు బోర్డు మీద మూడుసార్లు రాసింది. మూడుసార్లూ అధ్యక్షుడు తుడిపేసి, "ప్రింటరును తెరవరాదు" అని రాశాడు. పైగా రంగు చాక్‌పీసుతో. మండదూ మరి ఒళ్ళు?

ఆ వైరు తెగడానికి ఇంకే రోజూ దొరకనట్టు, సరిగ్గా అక్కకి వేళ్ళు చేయాల్సిన రోజే తెగింది.

అక్క ఒక ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ మీద పనిచేసేది. ఎనిమిది నెలల కిందట కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు అందులో పోయాయి. మర్నాడు పొద్దున పదింటికి వెళ్ళి కాగితాల కట్ట పట్టుకుని సర్ది చూపిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇక రానక్కర్లేదు. అందుకని కుంపటి నెల రోజులు కుస్తీపట్టి, మణికట్టు వంచితే ముడుచుకునే వేళ్ళు రెండు కంప్యూటర్లో గీసింది. ఏడు గంటల పని. మూడు వారాల ముందే ప్రింటరుకి తన పేరు రాసుకుంది.

పొద్దున స్విచ్చి వేస్తే నీలం లైటు వెలిగింది, నాజిల్ కాగింది, పళ్ళెం మాత్రం చల్లగా ఉండిపోయింది. పళ్ళెం అరవై డిగ్రీల దగ్గర నిలబడకపోతే ప్లాస్టిక్ దానికి అంటుకోదు. మూలలు లేచి వస్తువంతా పాడవుతుంది.

అధ్యక్షుడు కంపెనీకి ఫోను చేశాడు. "మనిషి పది రోజుల్లో వస్తాడట. ఈలోపు సర్దుకుందాం అమ్మా. పరీక్ష ఇంకో రోజు పెట్టమని అడిగితే పోలా?"

కుంపటి స్టిక్కరు చింపింది. అద్దాల తలుపు ఊడదీసి గోడకి చేరేసింది. అరచెయ్యి పళ్ళెం కింద ఆనించింది. తెర మీద అంకె ఇరవై ఎనిమిది నుంచి అరవై ఒకటికి ఎగబాకింది, మిషన్ పని మొదలుపెట్టింది. పళ్ళెం ముందుకీ వెనక్కీ జరుగుతుంటే ఆమె చెయ్యీ దాంతోపాటే జరుగుతోంది. అప్పుడు టైము తొమ్మిదిన్నర.

చిక్కెక్కడంటే, ఏడు గంటలు ఏకబిగిన కోపంగా ఉండటం మాటలు కాదు. నోటీసు బోర్డు తలచుకుంటూ రెండు గంటలు నెట్టింది. పదకొండున్నరకి అంకె యాభై ఎనిమిదికి దిగింది. వడ్రంగి అది చూసి దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మా, నీ ఉలి కోసం వారం రోజులు వెతికావు చూడు. దాంతో నేను పెయింటు డబ్బా మూత లేపాను. వంగిపోతే అలమర వెనక పడేశాను."

"నువ్వా అన్నా? నాతో కలిసి వెతికావు కదా?"

"వెతికాను మరి."

అంకె అరవై మూడు చూపించింది. తర్వాత టీచరమ్మ వచ్చి, వాడకం పట్టికలో కుంపటి పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నది రెండుసార్లని చెప్పింది. గొడుగులాయన, నాజిల్ మూసుకుపోయిన ప్రతిసారీ కారణం తనకి తెలిసే ఊరుకున్నానన్నాడు. కోపం తెప్పించడానికే చెబుతున్నారని ఆమెకి తెలుసు. కానీ చెప్పేవన్నీ నిజాలే కాబట్టి కోపమూ నిజంగానే వచ్చింది.

మూడింటికి అధ్యక్షుడు తల వంచుకుని వచ్చాడు. "తప్పు నాదమ్మా. నువ్వు చెప్పిందే కొనాల్సింది. నన్ను క్షమిం—"

వడ్రంగి ఆయన నోరు నొక్కి పక్కకి ఈడ్చుకెళ్ళాడు. "గంటన్నర ఆగండి మహానుభావా."

జరగాల్సిందేదో జరిగిపోయింది. ఆర్నెల్లుగా ఆమె వినాలనుకున్న మాట అది. చెవిన పడ్డాక, ఎవరెన్ని తప్పులు ఒప్పుకున్నా కోపం రాజుకోలేదు. యాభై నాలుగు. యాభై ఒకటి. మధ్యవేలి మొదట్లో ఒక మూల వెంట్రుకవాసి లేచింది. కుంపటికి భయం వేసింది, భయపడేకొద్దీ చెయ్యి ఇంకా చల్లబడింది.

మధ్యాహ్నం నుంచీ ఓ పక్కన కూర్చునున్న అక్క తన స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"నీకో మాట చెప్పలేదే."

"ఇప్పుడా అక్కా?"

"ఆ మిషన్‌కి ముందు ఇనప కమ్మీ ఉండేది, చెయ్యి కత్తి కిందకి పోకుండా. పని జోరుగా సాగట్లేదని సూపర్‌వైజరు ఊడదీయించాడు. రెండు వారాలకి నా వేళ్ళు పోయాయి."

కుంపటి పళ్ళెం కింద చెయ్యి తీయకుండానే అక్క వైపు తిరిగింది.

"ఆస్పత్రికి ఒక కాగితం తెచ్చాడు. అంతా నా అజాగ్రత్తే అని ఉంది అందులో. సంతకం పెడితే మళ్ళీ చూస్తామన్నాడు. ఎడంచేత్తో పెట్టాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆ ప్రెస్సు తగలబెడతావని."

"కమ్మీ మళ్ళీ పెట్టారా?"

"లేదు. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరిన ఒకావిడ పనిచేస్తోంది."

అరవై. అరవై తొమ్మిది. లేచిన మూల మెత్తబడి మళ్ళీ పళ్ళేనికి అతుక్కుంది. కుంపటికి ఆ సూపర్‌వైజరు మీద కోపం, నోరు మూసుకున్న అక్క మీద కోపం, ఎనిమిది నెలలు ఒకే గదిలో పడుకుని ఏమీ కనిపెట్టలేని తనమీద తనకి ఇంకా కోపం. దీన్ని ఎవరూ ఎగదోయనక్కర్లేకపోయింది. ఏడుస్తూనే చెయ్యి అలాగే పట్టుకుంది. నాలుగున్నరకి మిషన్ ఆగింది.

వేళ్ళు శుభ్రంగా ఊడొచ్చాయి గానీ చల్లారలేదు. అరగంట నీళ్ళలో వేసినా వేడిగానే ఉన్నాయి. "చలికాలం పనికొస్తాయిలే" అన్నాడు గొడుగులాయన. అక్క వాటి పట్టీ మణికట్టుకి బిగించుకుని, వాటిని ముడిచి, చాపి చూసుకుంది.

మర్నాడు ఇద్దరూ ప్రెస్సుకి వెళ్ళారు. అక్క కట్ట ఎత్తింది, అంచులు బల్లకి తట్టి సమానం చేసింది, ఒక్క కాగితం జారలేదు. సూపర్‌వైజరు తలూపి సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

"సోమవారం వచ్చెయ్యి. ఇక్కడ సంతకం పెట్టు. ఇకమీద ఏం జరిగినా బాధ్యత నీదేనని. మామూలేలే, అందరూ పెట్టేదే."

కుంపటి నోరు తెరవబోతే అక్క ఎడంచేత్తో ఆమె మోకాలు నొక్కింది. కుడిచెయ్యి చాపి కాగితాన్ని ఆ రెండు వేళ్ళతో అందుకుంది. అందుకున్న చోట కాగితం గోధుమరంగుకి తిరిగింది, తర్వాత నల్లబడింది, సన్నగా పొగ లేచింది. సూపర్‌వైజరు కాగితాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు.

"ముందు ఆ కమ్మీ పెట్టించండి," అంది అక్క, గొంతు పెంచకుండానే. "చూడండి, ఆ కొత్తావిడ చెయ్యి ఇప్పుడు కత్తి కిందే ఉంది."

ఆయన ఫిట్టరుని పిలిచాడు. నాలుగో బోల్టు బిగించేదాకా అక్క కుర్చీలోంచి లేవలేదు.