నయాగరా నీలి తొడుగు

నేను ఒక పల్చటి నీలిరంగు వానతొడుగును. నయాగరా జలపాతం దిగువన, పడవల రేవులో ఒక అమ్మాయి మమ్మల్ని కట్టలోంచి ఒక్కొక్కటిగా విడదీసి వరుసలో వచ్చేవాళ్ళ చేతుల్లో పెడుతోంది. రోజూ పొద్దుటినుంచీ ఆమెకు అదే పని. ఏదో కర్మాగారంలో ప్లాస్టిక్‌ను ఉల్లిపొరలా సాగదీసి, తలకొక టోపీ అతికించి మమ్మల్ని పంపారు. మా ఆయుష్షు ఒక్క పడవ ప్రయాణం. తిరిగొచ్చాక మనుషులు మమ్మల్ని విప్పి పెద్ద తొట్టెలో పడేస్తారు. నీళ్ళ కోసం అంత దూరం నుంచి వచ్చి, నీళ్ళు తగలకుండా మమ్మల్ని కప్పుకుంటారు. ఆ మర్మం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నేను మంగాయమ్మ చేతిలో పడ్డాను. కోనసీమ కొబ్బరి వ్యాపారులు కుటుంబాలతో కలిసి వేసుకున్న యాత్రలో ఆమె, ఆమె భర్త పల్లంరాజు గారు వచ్చారు. బస్సు దిగింది మొదలు ఆమె జలపాతాన్ని చూడటం లేదు, పడవనే చూస్తోంది.

“మీరెళ్ళి రండి. నేనిక్కడ కూచుని అందరి చెప్పులూ చూసుకుంటాను.”

“ఇక్కడెవరూ చెప్పులు విప్పరే! గోదారి ఒడ్డున పుట్టి పడవంటే ఈ భయమేంటే నీకు?”

“మునిగింది నేనండీ. మీరు కాదు.”

ఆమె వరుసలో నిలబడి, పక్కావిడకు ఆ సంగతి చెప్పింది. ఏళ్ళ కిందట, గోదావరి మధ్య లంకలో ఉండే అక్క చంటమ్మ దగ్గరికి వెళుతుంటే పడవ తిరగబడింది. తేలుతున్న కొబ్బరిగెల పట్టుకుని ఆమె ఒడ్డున పడింది. ఆ తర్వాత మళ్ళీ పడవెక్కలేదు. అక్కే వచ్చిపోతుండేది. ఇప్పుడు ఆ అక్కకు మోకాళ్ళు పట్టేశాయి. ఏటికి ఆ దరిని ఒకరు, ఈ దరిని ఒకరు, మధ్యన ఫోను.

పడవ ఎక్కేచోట మంగాయమ్మ ఆగిపోయింది. ఎక్కేముందు ఏటిని చేత్తో తాకి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవడం వాళ్ళ రేవు ఆచారం. వంగి చూసింది. ఇనుప కమ్మీల కింద, చెయ్యి అందని లోతులో ఉన్నాయి నీళ్ళు.

“అమ్మని ముట్టుకోకుండా ఎలా ఎక్కనండీ?”

వెనక జనం మెడలు చాచి చూస్తున్నారు. పల్లంరాజు గారు ఈసారి వేళాకోళమాడలేదు.

“నా చెయ్యి పట్టుకో. వద్దంటే ఇద్దరం వెనక్కి పోదాం.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎక్కింది.

“మునిగామో, మీ పని చెప్తాను!” అంది.

జలపాతం దగ్గరపడేకొద్దీ తుంపర కమ్ముకొచ్చింది. అందరూ టోపీలు ముఖాల మీదికి లాక్కుంటున్నారు. నేనూ నా ఉద్యోగం శ్రద్ధగా చేస్తున్నాను. అంతలో మంగాయమ్మ కళ్ళు తెరిచి, నా టోపీని వెనక్కి తోసేసింది. నీళ్ళు నడినెత్తిన పడ్డాయి.

“నువ్వే వచ్చావా తల్లీ!” అంటూ రెండు చేతులూ ఎత్తింది.

నా ఉద్యోగం పోయింది. అయినా, ఆమె భుజాలు వణకడం మానేశాయని ముందుగా తెలిసింది నాకే.

ఒడ్డుకు వచ్చాక, “అక్కకి చెప్పాలండీ,” అంది.

“ఫోన్ చెయ్యి మరి.”

“ఇది ఫోన్లో చెప్పేది కాదు.”

తొట్టె దగ్గర ఆమె నన్ను విప్పి, దులిపి, చీర మడత పెట్టినట్టు మడత పెట్టింది. “చిరుగైనా లేనిదాన్ని పారేస్తారా ఎవరైనా?”

“తొట్టెలోవి కూడా ఏరుకో. ఊరంతా పంచుదువుగాని,” అన్నారాయన.

అలా నేను కోనసీమ చేరాను. ఆయన నన్ను మోటారుసైకిలు మీద కప్పేవారు. ఆమె లాక్కెళ్ళి, ఎండబోసిన కొబ్బరిచిప్పల మీద కప్పేది. వానలు మొదలయ్యేసరికి చంకలో ఒక చిరుగు పడింది. దానికి ఆమె బిళ్ళ అతికించింది.

ఒక ఉదయం సన్నగా జల్లు పడుతోంది. ఏటికి ఇంకా వరద రాలేదు. పల్లంరాజు గారు వసారాలో పేపరు చదువుతున్నారు. మంగాయమ్మ బొబ్బట్లు అరిటాకులో చుట్టి సంచిలో పెట్టుకుంది. మేకుకు తగిలించిన నన్ను తీసి తొడుక్కుంది. ఆయన పేపరు దించి, ఆమెనూ సంచినీ చూశారు. గుమ్మానికి అడ్డంగా చాపిన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

ఆమె మెట్లు దిగి, రేవు దారి పట్టింది.