దొరసాని కాళ్ళు

నేను బ్యూటీ పార్లర్‌లో పాదాలు చూస్తాను. ముఖాలు చూసేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళది ఏసీ గది. నాకు కిటికీ పక్కన ఒక పొట్టి స్టూలు, ఒక టబ్బు, గోరువెచ్చని నీళ్ళు, మడమలు రుద్దే రాయి. పదకొండేళ్ళుగా ఆ స్టూలు మీద కూర్చుని లోకాన్ని కిందనుంచి చూస్తున్నాను. మెడలో నాలుగు వరసల గొలుసు, కింద నాలుగు వేళ్ళు పట్టేంత పగుళ్ళు. ముఖంతో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు కానీ, మడమతో అబద్ధమాడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మా అత్తగారికి నా ఉద్యోగం పేరు పలకడానికి నోరు తిరగదు. చుట్టాలడిగితే "మా కోడలు కంపెనీలో చేస్తుంది" అంటుంది. ఏ కంపెనీ అంటే "పెద్ద కంపెనీయే" అంటుంది. ఆరేళ్ళ కిందట, పెళ్ళైన కొత్తలో, "ఊరందరి కాళ్ళూ పట్టుకున్న చేత్తోనే అన్నం వడ్డిస్తావా?" అని అడిగింది. సబ్బుతో కడుక్కునే వస్తానత్తయ్యా అన్నాను. మర్నాడు పెరట్లో కుళాయి దగ్గర నాకు విడిగా ఆకుపచ్చ సబ్బు ఒకటి, అంచు విరిగిన సాసర్లో వెలిసింది. ఆవిడ తెల్ల సబ్బు పక్కనే పెట్టెలో ఉంటుంది. అన్నం మాత్రం ఆరోజు నుంచీ తనే వడ్డించుకుని తింటుంది. పోట్లాడదామంటే అందులో తిట్టేమీ లేదు. ఆరేళ్ళూ ఆ సబ్బుని చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది, అంతే.

అటువంటి మనిషికి కోళ్ళంటే ప్రాణం. పెరట్లో నాలుగున్నాయి. అన్నిటినీ అదిలించి తిరిగేది మేస్త్రి, తర్వాత నల్లది, పొట్టిది, అందరికంటే పెద్దది దొరసాని. దొరసాని గోధుమరంగు కోడి. బురద తొక్కాల్సి వస్తే ఒక కాలెత్తి, కాసేపు ఆలోచించి, ఇంకెవరైనా తొక్కుతారేమోనని చూసే రకం. అత్తగారు నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే దానితో వంద మాట్లాడుతుంది. అందులో తొంభై నా గురించేనని నా అనుమానం.

మేముండేది అద్దె ఇల్లు. పైవాటాలో ఓనరమ్మ. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషన్న మాట ఈవిడని చూశాకే పుట్టి ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే బాల్కనీలోంచి దొరసాని కుంటడం చూసి, గబగబా మెట్లు దిగి వచ్చింది. దొరసాని కాళ్ళ మీద పొలుసులు పైకి లేచి, మధ్యలో బూడిదరంగు పొక్కు కట్టి, కాళ్ళు లావెక్కి ఉన్నాయి. మేం రోజూ చూస్తూనే ఉన్నాం, ముసలితనం అనుకున్నాం.

"ఏంటండీ ఈ గజ్జి కోళ్ళు? రేపు మా ఇంట్లోకి పాకితే?" అంది. "వచ్చే నెల ఒకటో తారీఖున దిగొచ్చి చూస్తాను. దీని కాళ్ళు ఇలాగే ఉంటే ఒక్క కోడి కూడా ఈ పెరట్లో ఉండటానికి వీల్లేదు. కాదంటారా, ఇల్లు ఖాళీ చేసేయండి."

ఆ పూట అత్తగారు అన్నం ముట్టలేదు. దొరసానిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన దృష్టిలో ప్రపంచంలో ఏ జబ్బుకైనా మందులు రెండే, కిరోసిన్, గ్రీజు. "కిరోసిన్లో ఓసారి ముంచి తీస్తే దెబ్బకి పోతాయి" అన్నారు.

"మీ కాలు ముంచి చూడండి ముందు" అన్నాను. "కాళ్ళ సంగతి నాకొదిలేయండి. నా పనే అది."

ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ ఇంట్లో నా పని నలుగురికీ పనికొచ్చే రోజొకటి వచ్చిందని తెగ సంబరపడ్డాను. ఆరేళ్ళ ఆకుపచ్చ సబ్బుకి ఈ దెబ్బతో బదులు తీరుతుందనుకున్నాను.

ఆదివారం పార్లర్ నుంచి పాత టబ్బు, నా రాయి పట్టుకొచ్చాను. అత్తగారు దొరసానిని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పట్టుకుంది. మనుషులకి చేసినట్టే చేశాను. పావుగంట నానబెట్టి, రాయి తీసుకుని రుద్దాను. నా కంటికి పైకి లేచిందల్లా చచ్చిన చర్మమే. నాలుగు పొలుసులు ఊడొచ్చాయి. అబ్బ, ఎంత హాయిగా ఊడొచ్చాయో! ఐదోది గట్టిగా ఉంటే ఇంకాస్త బలం పెట్టాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. దొరసాని అరవను కూడా లేదు, ఒళ్ళంతా బిగుసుకుపోయి కళ్ళు మూసుకుంది.

"చాలు" అంది అత్తగారు. కోడిని గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిడుతుందని రెండు రోజులు కాచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. ఊరికే కూర్చున్నా తిట్టే మనిషి, తిట్టాల్సినప్పుడు తిట్టకపోతే ఎంత భయమేస్తుందో అప్పుడే తెలిసింది. నా గొప్ప కోసం మూగజీవాన్ని గీరేశాను. ఆ మాట నాకు నేనే చెప్పుకుని, మూడో రోజు పనికి సెలవు పెట్టి, దొరసానిని కూరగాయల బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను. పక్కసీటాయన బుట్టలో ఏముందని అడిగాడు. వంకాయలన్నాను. వంకాయలు దిగేదాకా కొక్కొక్కో అంటూనే ఉన్నాయి.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడిలా ఉన్నాడు. దొరసాని కాలు తిప్పి చూసి, "దీన్నెవరు గీకారు?" అన్నాడు.

"నేనే."

"దేంతో?"

బ్యాగులోంచి రాయి తీసి చూపించాను. చేసిన తప్పు ఒప్పుకోవాలంటే సాక్ష్యం చేతిలో ఉండటం మంచిది.

"ఇది చచ్చిన చర్మం కాదండీ. కంటికి కనపడనంత పురుగులు పొలుసు కింద దూరి తొలుస్తాయి, అందుకే అది పైకి లేస్తుంది. ఇంట్లో దొంగ దూరాడని పైకప్పు పెంకులు పీకేస్తామా? దొంగ పోడు, ఇల్లు కురుస్తుంది." పుండుకి మందు రాశాడు. "ముందీ పుండు మాననివ్వండి. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని పాత బ్రష్షు. నెమ్మదిగా తోమి, బాగా తుడిచి, వేళ్ళ దగ్గర్నుంచి పైదాకా వేసలైన్ దట్టంగా పట్టించండి. పురుగుకి ఊపిరాడకూడదు. మూడు రోజులకోసారి, నెల దాకా మానొద్దు. ఒక్కదానికే కాదు, నాలుగింటికీ చెయ్యండి. పడుకునే కర్రలు కూడా శుభ్రం చెయ్యాలి, లేకపోతే మళ్ళీ అక్కణ్ణుంచే ఎక్కుతాయి."

"కిరోసిన్?"

"కాలు కాలిపోతుంది."

"ఇది మనుషులకి అంటుకుంటుందా?"

"అబ్బే, కోడి కాలి పురుగుకి మన కాలు రుచించదు." చేతులు కడుక్కుంటూ అడిగాడు, "మీరేం చేస్తుంటారు?"

"పాదాలు చూస్తాను, పార్లర్లో."

"మరింకేం, సగం పని మీకు వచ్చినట్టే. ఆ రాయి ఒక్కటీ దూరంగా పెట్టండి."

ఇంటికొచ్చి బుట్ట అత్తగారి ముందు పెట్టాను. "తప్పు నాదే అత్తయ్యా. గీకకూడదట, నాలుగింటికీ వేసలైన్ పట్టించాలట. తెలియకుండానే తెలిసినట్టు చేశాను" అన్నాను.

అత్తగారు బుట్టలోంచి దొరసానిని తీసి, కాలు చూసి, నన్ను చూసింది. "డబ్బా ఎంతది తెచ్చావ్?" అంది.

"పెద్దదే."

"నాలుగింటికి ఎనిమిది కాళ్ళు. ఇంకోటి తెప్పించు."

పుండు వారంలో మానింది. అక్కణ్ణుంచి మూడు రోజులకోసారి సాయంత్రం పెరట్లో నా పార్లర్ తెరుచుకునేది. అత్తగారు పట్టుకునేది, నేను తోమేదాన్ని. నల్లది నీళ్ళలో కాలు పెట్టగానే నిద్రపోయేది, పార్లర్లోనూ అలాంటివాళ్ళున్నారు. పొట్టిది ప్రతిసారీ సరిగ్గా టబ్బులోనే రెట్ట వేసేది. పార్లర్లో అలాంటివాళ్ళు ఇంకా తగల్లేదు. మేస్త్రి కాళ్ళకి ఏమీ లేదు కానీ, ఎందుకైనా మంచిదని అత్తగారు తోకెత్తి చూస్తే ఈకల మొదట్లో పేల సంత! ఊరందరినీ అదిలించే మేస్త్రి తోక కింద ఇంత కథ ఉందని తెలిసి ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. డాక్టర్నడిగి పొడి తెచ్చి చల్లాం. మా ఆయన గూట్లో కర్రలు ఊడదీసి, మరిగే నీళ్ళు పోసి, సందుల్లో గ్రీజు కూరారు. ఎట్టకేలకి ఆయన గ్రీజుకి ఒక గౌరవం దక్కింది.

నెలాఖరుకి దొరసాని కుంటడం మానేసింది. బురద దగ్గర కాలెత్తి ఆలోచించడం మళ్ళీ మొదలుపెట్టింది. కానీ కాళ్ళు చూడ్డానికి మాత్రం పాత దుంగల్లాగే ఉన్నాయి. డాక్టరుకి ఫోన్ చేస్తే, పురుగు చచ్చింది, కొత్త పొలుసు రావడానికి నెలలు పడుతుంది అన్నాడు. ఓనరమ్మకి పురుగు చావు కనపడదు, కాళ్ళు కనపడతాయి.

ముప్పయ్యో తారీఖున మా ఆయన ఒక ఆలోచన చెప్పారు. "నీ దగ్గర గోళ్ళ రంగులు బోలెడున్నాయిగా. పూసేద్దాం."

నేను నవ్వేలోపే అత్తగారు "ఏ రంగులున్నాయే?" అని అడిగింది.

"అత్తయ్యా! లోపలి తెగులు పైరంగుతో కప్పే పని ముఖాల గదిలో చేస్తారు. నా టబ్బు దగ్గర చెయ్యం."

ఆవిడ నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "సరే అయితే. ఉన్నదున్నట్టు చూపిద్దాం. పొమ్మంటే..." అని ఆపేసి, దొరసాని మెడ నిమురుతూ కూర్చుంది. పొమ్మంటే కోళ్ళతోపాటు ఈవిడ కూడా సగం పోతుందని నాకప్పుడు అర్థమైంది.

ఒకటో తారీఖున, చెప్పినట్టే, ఓనరమ్మ దిగింది. అప్పుడే కోళ్ళ స్నానాలు ముగించి, టబ్బు కడిగి గోడకి బోర్లించాను. దొరసానిని చూడగానే పెదవి విరిచింది. "తగ్గలేదుగా!"

"తగ్గిందండీ, పురుగు పోయింది. పైపొర ఊడి కొత్తది రావాలంటే టైం పడుతుంది" అన్నాను.

"నేను చూస్తున్నాగా, ఎలా ఉన్నాయో. మాటంటే మాటే." తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, మా కోడికి రెండూ రోగాలే.

అత్తగారు అంతసేపూ కింద మెట్టు మీదే కూర్చుంది. అక్కణ్ణుంచి ఓనరమ్మ చెప్పులు సరిగ్గా కళ్ళెదురుగా ఉంటాయి. చెప్పుల్లోంచి బయటికొచ్చిన మడమలూ ఉంటాయి. నేను నెల నెలా అద్దె ఇచ్చేటప్పుడు చూసి, మనసులోనే అయ్యో అనుకునే మడమలవి.

"మీ మడమలు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాయి?" అంది అత్తగారు.

ఓనరమ్మ తడబడింది. "అవా... ఇరవయ్యేళ్ళయింది. ఏం?"

"ఇరవయ్యేళ్ళ నుంచీ ఉంటే మిమ్మల్నెవరూ ఇల్లు ఖాళీ చెయ్యమనలేదే!"

మా ఆయన గుమ్మంలోంచి అటే లోపలికి మాయమయ్యారు. అత్తగారు లేచి ప్లాస్టిక్ కుర్చీ లాగి, తువ్వాలు పెట్టి దుమ్ము దులిపింది.

"కూర్చోండి. నొప్పి దాచుకుని మెట్లు దిగుతారు, చూస్తూనే ఉన్నాను. మా కోడలు పాదాలు చూస్తుంది. అదే దాని ఉద్యోగం, బ్యూటీ పార్లర్లో. పదకొండేళ్ళ చెయ్యి. దాని దగ్గర కాళ్ళు పెట్టడానికి జనం వరసలో కూర్చుంటారు, తెలుసా?"

వరసలో ఎవరూ కూర్చోరు. శనివారాలు మాత్రం ఇద్దరు ముగ్గురు ఎదురు చూస్తారు. కానీ ఆ అబద్ధం కోసం నేను ఆరేళ్ళు ఎదురు చూశానని, విన్నాక గానీ తెలియలేదు. టబ్బు తెచ్చే నెపంతో గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఇంట్లో ఉన్న టబ్బు ఒక్కటే. మరిగే నీళ్ళతో రెండుసార్లు కడిగాను, వృత్తి ధర్మం. అది కోళ్ళదని అత్తగారు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పొట్టిది మాత్రం దగ్గరికొచ్చి తన టబ్బేనా అని తొంగి చూసి వెళ్ళింది.

నానబెట్టి, రాయి తీసుకున్నాను. ఈసారి అది సరైన చోటే పడింది. అరగంట తర్వాత, కోళ్ళకి మిగిలిన డబ్బాలోంచే వేసలైన్ పట్టించాను. ఓనరమ్మ లేచి రెండడుగులు వేసి ఆగింది. ఇంకో రెండు వేసింది. ఆ ముఖంలో అంత మెత్తదనం నేనెప్పుడూ చూడలేదు.

"పూర్తిగా పోతాయా?" అంది.

"ఒక్కసారికి పోవండీ. వారానికోసారి దిగాలి. రెండు నెలలు పట్టొచ్చు."

"ఇల్లలకగానే పండగైపోతుందా?" అంది అత్తగారు, దొరసాని వైపు చూస్తూ.

ఓనరమ్మ కూడా దొరసాని వైపు చూసింది. దొరసాని బురద పక్కన కాలెత్తి నిలబడి ఉంది. "సరే, దానికీ రెండు నెలలు" అని, చెప్పులు చేత్తో పట్టుకుని, మెల్లగా మెట్లెక్కి వెళ్ళింది.

అత్తగారు తువ్వాలు పిండి ఆరేసి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తెల్ల సబ్బు పెట్టె దాటి, సాసర్లోంచి నా ఆకుపచ్చ సబ్బు తీసుకుంది. పొరపాటేమోనని చూస్తూ నిలబడ్డాను. మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, ఆ సబ్బుని తన పెట్టెలో తెల్లదాని పక్కన పెట్టి మూత వేసింది.

"ఏంటలా చూస్తావ్? ఆకలేస్తోంది" అంది. లోపలికెళ్ళి, కంచం ముందేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను వెళ్ళి అన్నం వడ్డించాను.