పసుపు బొట్టు పెట్టిన డబ్బా

నేలలో నిలువుగా పాతిన గునపం మొన మీద కొబ్బరికాయను గుచ్చి, ఒడుపుగా మెలితిప్పి పీచు డొక్క ఊడదీస్తున్నాడు నూకరాజు. చీకటితో మొదలుపెట్టిన ఒలుపు. ఎండ కొట్టు రేకుల మీదికి వచ్చినా కాయల రాశి తరగలేదు. అంబాజీపేటలో ఈ పని చేసేవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళల్లో నూకరాజెవరో చూపించమంటే కొట్టు యజమాని కూడా కాస్త తడుముకుంటాడు. పొట్టి మనిషి. కాయ మీదికి వంగీ వంగీ కుడి భుజం కిందికి జారి అక్కడే ఉండిపోయింది. అరచేతులు డొక్కల్లాగే బిరుసెక్కాయి. పొగలు కక్కే అన్నాన్ని కూడా ఊదకుండా కలిపేస్తాడు.

"ఈ పూటకి వెళ్తానండీ. అమలాపురంలో పనుందండీ," అన్నాడు యజమానితో.

"నీకు అమలాపురంలో పనేంటయ్యా?"

"డబ్బా ఒకటి వెనక్కిచ్చెయ్యాలండీ."

ఆ డబ్బా సంగతి చెప్పాలంటే ముందు తమ్ముడు సూరిబాబు సంగతి చెప్పాలి. సూరిబాబు దింపు కార్మికుడు, చెట్టెక్కి కాయ దించేవాడు. తమ్ముడు దించిన కాయ అన్న ఒలిచేవాడు. ఇద్దరికీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. నూకరాజు పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని ఎవరూ అడగలేదు, అతనూ గుర్తు చెయ్యలేదు. ఓ వానాకాలం తడి చెట్టు మీంచి కాలు జారి సూరిబాబు నడుం విరిగింది. ఇక లేవలేదు. అతని పెళ్ళాం అమ్మాజీ ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి వెలగదని ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. ఒప్పందం గడువు తీరేదాకా రావడానికి లేదు. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని బీరువాలో ఉంది.

మొహం కనపడే ఫోను కాదు గానీ, మాటలు మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఈ ఎండాకాలం సూరిబాబు వీపు మీద పుండ్లు ముదిరాయి. వచ్చిపోయే జ్వరం కాస్తా వచ్చి ఉండిపోయింది. డాక్టరు నూకరాజును గది బయటికి పిలిచి చెప్పిన మాటను అతను ఎవరితోనూ అనలేదు. సూరిబాబుకి చెప్పకుండానే తెలిసిపోయినట్టుంది. "అన్నయ్యా, దాని మొహం ఒకసారి చూడాలనుంది," అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం నూకరాజు పుట్టి బుద్ధెరిగి ఎక్కని మెట్లన్నీ ఎక్కాడు. మనిషిని నెట్ సెంటరుకి మోసుకెళ్ళే స్థితి లేదు కనుక సెంటర్నే ఇంటికి తేవాలనుకున్నాడు. పాత కంప్యూటరు, దాని నెత్తి మీద పెట్టే కెమెరా, ఇంటికి ఫోను, అన్నీ అమిరాయి. ఇక కావలసింది ఆ ఫోను తీగలోంచి ఇంటర్నెట్టు అందుకునే డబ్బా. అమలాపురంలో నెట్ సెంటరు నడిపే ప్రసన్న దాన్ని ఆన్‌లైన్లో తెప్పించింది.

ఆ ఇంట్లో కొత్త వస్తువేదైనా, సైకిలైనా ఫ్యానైనా, పసుపు రాసి, బొట్టు పెట్టి, కాయ కొట్టాకే వాడతారు. తెల్లటి డబ్బాకి నూకరాజు నాలుగు పక్కలా బొట్లు పెట్టాడు. "పైన కూడా ఒకటి పెట్టన్నయ్యా," అన్నాడు సూరిబాబు మంచం మీంచి. పైన కూడా పెట్టాడు. రాశిలో ఏరి తెచ్చిన కాయ కొట్టి, ఆ నీళ్ళు దాని మీద చిలకరించాడు.

సాయంత్రం ప్రసన్న వచ్చి, డబ్బాను అటూ ఇటూ తిప్పి, నాలిక కరుచుకుంది.

"ఫోను తీగ పెట్టే కంత దీనికి లేదండీ బాబాయిగారూ. మా సెంటర్లో ఉన్నదాన్ని చూసి అలాంటిదే తెప్పించేను. లైను అందుకునే డబ్బా మాకు వేరే ఉందండీ, ఇది పంచే డబ్బా. తప్పు నాదే. వెనక్కి పంపితే మార్చి పంపుతారు."

"ఆయ్, పంపేద్దామమ్మా," అన్నాడు నూకరాజు. కంత ఉన్నా లేకపోయినా అతనికి డబ్బా డబ్బాయే. ఎవరినీ ఏమీ అనడం అతనికి రాదు.

వెనక్కి పంపడానికి గడువు ఇవాళే. కొట్టు నుంచి ఇంటికొచ్చి తమ్ముడికి ఒళ్ళు తుడిచి, గంజి పట్టాడు. సూరిబాబు గెడ్డం గియ్యమన్నాడు.

"మంచి డబ్బా రానీరా, ఆ రోజు గీస్తాను."

"ఇవాళే గియ్యన్నయ్యా. ఇలా చూస్తే అది ఏడుస్తాది."

డొక్కలు చీల్చే చేతులు ఆ చెంపల మీద కత్తిని ఆచితూచి నడిపాయి. బుగ్గలు ఎంత లోపలికి పోయాయంటే నాలికతో లోపలినుంచి ఎత్తిపట్టమనాల్సి వచ్చింది. గీసి, పౌడరు రాసి, తల దువ్వాడు. పక్కింటి మేరీని కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పి, డబ్బాను తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు.

కొరియర్ ఆఫీసులో గుమాస్తా అట్టపెట్టె విప్పి ఆగిపోయాడు.

"ఏంటండీ ఇది?"

"పసుపండీ."

"వాడేసిన సరుకు తీసుకోరండీ."

"వాడలేదండీ. బొట్టు పెట్టేనంతే."

"మీకూ నాకూ బొట్టేనండీ. అక్కడ విప్పి చూసేవాడికి మరక." గుమాస్తా చెడ్డవాడేం కాదు. "బండి సాయంత్రం వెళ్తుంది. ఈలోగా తుడిచి తెండి, చూద్దాం," అన్నాడు.

నూకరాజు మెట్ల మీద కూర్చుని తువ్వాలు కొసతో రుద్దాడు. తెల్లటి దాని మీద పసుపు అంత తేలిగ్గా పోతుందా? గాలాడే సన్నటి చీలికల్లోకి కూడా దిగింది. చీపురు పుల్లతో గోకాడు. సబ్బు బిళ్ళ కొని, కుళాయి కింద పెట్టి తోమాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కానీ ఇతను తొక్కింది అడుసని ఎవరనగలరు? చేతిలో ఉన్న భక్తంతా దానికి పూశాడు. ఆ చేత్తోనే తమ్ముడి ఆఖరి కోరికకి అడ్డం పడ్డానని ఇప్పుడు తెలిసింది.

మళ్ళీ తెచ్చిన డబ్బాను గుమాస్తా ఎత్తి చూడగానే లోపల్నుంచి బల్ల మీదికి నీళ్ళు కారాయి. అతను దాన్ని మెల్లిగా ఇవతలికి జరిపాడు. "ఎవరి కోసమండీ?" అని అడిగాడు.

"మా తమ్ముడికండీ. ఆళ్ళావిణ్ణి చూసుకుంటాడని."

గుమాస్తా డబ్బాను తనే తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు.

నెట్ సెంటర్లో ప్రసన్న ఆ తడి డబ్బాను చూసి మొహం తిప్పుకుంది. "దాన్నొదిలెయ్యండి బాబాయిగారూ. మా అన్నయ్య రేపు రాజమండ్రి నుంచి వస్తున్నాడు, సరైంది తెమ్మంటాను. రేపు సాయంత్రానికి ఆవిణ్ణి చూపించేస్తాను."

రేపు. బస్సులో దారి పొడుగునా ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాడు. చాలాకాలానికి అతనికి ఆకలేసింది.

వీధి మలుపు తిరిగేసరికి గుమ్మంలో మేరీ నిలబడి ఉంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. చెప్పక్కర్లేకపోయింది. అయినా చెప్పింది.

"మంచం కెమెరా వేపు తిప్పమన్నాడండీ. దానికేసి చూడ్డం అలవాటు చేసుకుంటానన్నాడు. తిప్పేను. మంచినీళ్ళు తెచ్చేలోపు..."

సూరిబాబు మొహం కెమెరా వైపే ఉంది. నున్నటి చెంపల మీద పౌడరు చెదరలేదు. నూకరాజు డబ్బాను అరుగు మీద దించి, లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఏడుపు రాలేదు.

దీపాల వేళకి ఫోను మోగింది. అమ్మాజీ ఫోను చేసే వేళ అదే.

"బావగారూ, డబ్బా వెనక్కి తీసుకున్నారా?"

"తీసుకోలేదమ్మా."

"పోనీలెండి. ఆయనేం చేస్తున్నారు? గెడ్డం గీసేరా? నిన్న గీయించుకుంటానన్నారు."

"గీసేనమ్మా. బాగున్నాడు."

"ఒకసారి ఇవ్వండి."

నూకరాజు ఫోనుని తమ్ముడి చెవి దగ్గర ఆనించాడు. "మాట్లాడమ్మా," అన్నాడు. అవతలినుంచి ఆమె ఏదో నవ్వుతూ మొదలుపెట్టింది. మేరీ గోడవైపు తిరిగింది.

బయట అరుగు మీద తడి తువ్వాల్లో డబ్బా ఉంది. నాలుగు పక్కలా బొట్లు పాలిపోయాయి. పైన సూరిబాబు పెట్టమన్నది ఒక్కటే ఇంకా పచ్చగా ఉంది.