కుప్ర రేవులో ఒక మాట

గోదావరిఖని చౌరస్తాలో ఆదివారం పొద్దున షేరు ఆటోవాళ్ళు గొంతు చించుకుంటున్నారు. ఒకడు మంథని అంటాడు, ఒకడు పెద్దపల్లి అంటాడు, లింగమూర్తి మాత్రం "కుప్ర, కుప్ర" అంటాడు. ముగ్గురెక్కితే కదులుతా అంటాడు. ముగ్గురూ ఎక్కాక ఇంకో ఇద్దరి కోసం చూస్తాడు.

కుప్ర అంటే సైప్రస్ ద్వీపం. చర్చి పెద్దల నోట ఆ పాత పేరే నిలిచిపోయి ఊరంతా అదే అంటోంది. ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్టల మీదికి ఎక్కి అవతలికి దిగితే మధ్యధరా సముద్రం, ఆ ద్వీపపు ఒడ్డు. దారి బాగాలేదని అందరూ తిడతారు గానీ ఆ దారి అక్కడికెందుకు పోతుందని ఎవరూ అడగరు. గనిలో సర్వీసు మిగిలుండగా చనిపోయినవాళ్ళు మిగతా సర్వీసు ఆ ద్వీపంలోని పాత పట్నంలో పూర్తిచేస్తారు. రిటైర్మెంటు నాడు పడవెక్కుతారు. ఆ తర్వాత ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఎవరు పెట్టిన రూలని ఎవరూ వెతకలేదు. రూలు అన్నాక ఉంటుంది, అంతే.

ఆ రోజు యోనా రిటైర్మెంటు. యాభై రెండో ఏట గనిలో పైబండ పడి పోయాడు. అతని భార్య సుసన్నా ఒక ప్రైవేటు బడిలో టీచరు. పిల్లల్లేరు. అదే బడిలో గుమస్తా జైపాల్, భార్య పోయినవాడు, నిరుడు పెళ్ళి మాట ఎత్తాడు. "ఆయన రిటైర్ కానియ్యి" అంది సుసన్నా. జైపాల్ సరే అని ఊరుకున్నాడు, మళ్ళీ అడగలేదు. అడగకపోవడం వల్లే అతని మీద ఆమెకు మనసు పడింది.

సుసన్నా సర్వపిండి రొట్టెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. పక్కన పొరుగింటి అనసూర్య.

"నేను మూడింటికల్ల ఇంట్ల ఉండాలె లింగమూర్తీ. ఆయనొస్తడు" అంది అనసూర్య.

"ఎరుకే అక్కా. ఫికర్ చెయ్యకు."

అనసూర్య భర్త కిషన్ కూడా అలాగే కుప్రలో సర్వీసు ముగించినవాడు. మన దగ్గర గడప దాటేవాడు "పోత" అనడు, "పోయొస్త" అంటాడు. ఇంట్లోవాళ్ళు "పోయిరా" అంటారు. చావింటి నుంచి లేచేటప్పుడు మాత్రం ఎవరూ ఆ మాట అనరు. కుప్ర రేవులోనూ అదే పద్ధతి. కిషన్ పడవెక్కుతూ డ్యూటీకి పోయే అలవాటుకొద్దీ "పోయొస్త" అన్నాడు, అనసూర్య అలవాటుకొద్దీ "పోయిరా" అంది. మాట కలిసింది. అప్పటి నుంచి రోజూ ఫస్టు షిఫ్టు దిగే వేళకు తడి బూట్లతో వచ్చి గుమ్మంలో నిలబడతాడు. తినడు, మాట్లాడడు. ఈమె వేడినీళ్ళు పెట్టాలి. వాడకట్టులో వాళ్ళు "కిషనన్న దిగిండు" అని మంచాలు పక్కకు జరుపుతారు. మందమర్రిలో కూతురికి కాన్పయితే ఒక్క రాత్రి ఉండడానికి కూడా అనసూర్య పోలేకపోయింది. ఆ మనవరాలు ఇప్పుడు నడుస్తోంది.

ఆటో గుట్ట దిగగానే గాలిలో బొగ్గు వాసన పోయి ఉప్పు వాసన వచ్చింది. తెల్లటి సున్నపురాయి ఒడ్డు, కళ్ళు గుచ్చే నీలం నీళ్ళు. అక్కణ్ణించి దేవదారు చెట్ల కొండలు. ఆ కొండల్లో ఎప్పటివో రాగి గనులు, రాగి కరిగించి పారబోసిన నల్లటి చిట్టెపు దిబ్బలు. మనవాళ్ళు ఇక్కడ కుదురుకున్నది ఆ దిబ్బలు చూసేనని లింగమూర్తి అంటాడు. కొండ దిగితే కోటగోడల మధ్య పట్నం, ఇరుకు రాతివీధులు. వీధుల్లో హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు చప్పుడు లేకుండా పోతుంటారు. అడుగుల చప్పుడు వినిపించేది చూడ్డానికి వచ్చినవాళ్ళదే.

యోనా ఒక రాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో దండ, భుజాన శాలువా. ఇక్కడే తల నెరిసింది. సుసన్నా సర్వపిండి చేతిలో పెడితే తుంచి వాసన చూసి పక్కన పెట్టాడు. అతని చెయ్యి గని లోపలి గాలంత చల్లగా ఉంది.

"లింగమూర్తి చెప్పిండు. జైపాల్ అట గదా" అన్నాడు.

సుసన్నా తల వంచుకుంది. "అవును."

"మంచోడేనా?"

"మంచోడే. మాట తక్కువ."

యోనా మెడలోని దండ తీసి అరుగు మీద పెట్టాడు. "ఆ రోజు పోయొస్త అన్న, మళ్ల రాలేదు నేను. నువ్వు అన్నం పెట్టుకోని చూసినవట. అదే పట్టి పీకుతది నాకు."

"గదంత ఇప్పుడెందుకు" అంది. ఆ అన్నం మూడు రోజులు గిన్నెలోనే ఉంది, పారబొయ్యడానికి చేతులు రాలేదు.

రేవులో పడవ ఆగి ఉంది. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకూ చప్పుడు లేదు. యోనా ఒక కాలు పడవలో పెట్టి, రెండో కాలు రాతి మీదే ఉంచి, వెనక్కి తిరిగాడు.

"పోయొస్త, సుసన్నా."

అలవాటుకొద్దీ అన్నాడో, కావాలనే అన్నాడో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. ఇన్నేళ్ళు గుమ్మంలో నిలబడి బదులు చెప్పిన నోరు దానంతటదే తెరుచుకుంది.

"పో..."

అనసూర్య ఆమె మోచెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. మిగతా సగం మాట నాలుక మీదే ఉంది. అదొక్కటీ జారితే అతను ఇంటికొస్తాడు, రోజూ, తడి బూట్లతో. రావాలనీ ఉంది. అంతకంటే ఎక్కువగా బతకాలని ఉంది. సుసన్నా ఆ సగాన్ని మింగేసింది.

యోనా ఇంకా చూస్తూనే ఉన్నాడు, మాట పూర్తవుతుందని.

"పో" అంది మళ్ళీ. ఈసారి తెలిసే అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ ఆ మాట అనలేదు, తలుపు దగ్గరి కుక్కను తప్ప. యోనా ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత తలూపి, రెండో కాలు కూడా పడవలో పెట్టాడు. పడవ కదిలింది. అతను మళ్ళీ తిరిగి చూడలేదు.

తిరుగుదారిలో మట్టి గుట్ట ఎక్కేటప్పుడు అనసూర్య నెమ్మదిగా అడిగింది.

"గట్ల పో అంటే ఏమయితది సుసన్నా? పాపమా?"

"తెల్వదక్కా. అనేసిన, అంతే."

మూడు దాటింది. సుసన్నా ఇంట్లో లైటు వెయ్యకుండా, చీర కూడా మార్చుకోకుండా కూర్చుంది. వాకిట్లో మంచాలు జరిగిన చప్పుడు. తడి బూట్లు ఆమె కిటికీ ముందు నుంచి పక్కింటి వైపు నడిచాయి, గుమ్మం దగ్గర ఆగాయి. రోజూ ఈపాటికి బకెట్ చప్పుడవుతుంది. ఈ రోజు కాలేదు.

గోడ అవతల అనసూర్య గొంతు వినిపించింది. పెద్దగా లేదు. ఒకే ఒక్క మాట.

బూట్లు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగి, కిటికీ దాటి, వాడకట్టు చివరికి పోయాయి. మంచాలు ఇంకా పక్కకే ఉన్నాయి, మళ్ళీ జరిపే పని పడలేదు. గోడ అవతల అనసూర్య ట్రంకు పెట్టె తెరుస్తున్న చప్పుడు.

సుసన్నా ఫోను తీసి జైపాల్‌కు చేసింది. ఎత్తాడు గానీ పోయిండా అని అడగలేదు, ఏమైందనీ అడగలేదు.

"అన్నం తిన్నవా?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది.